17.5 నుంచి 35 గిగాహెర్ట్జ్‌కి: మిల్లీమీటర్ తరంగాల డబ్లర్‌ను అడుగడుగునా తయారు చేసుకోవడం

తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డులో పోయేవాళ్లకు గాదంకి అంటే టోల్‌గేటు గుర్తొస్తుంది. మా ఈసీఈ పిల్లలకు మాత్రం రాడారే గుర్తొస్తుంది. అక్కడి నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లాబొరేటరీలో 1024 యాగీ యాంటెన్నాలు చదరంగా నిలబడి ఉంటాయి. గాలి పొరలను చూసే ఆ ఎంఎస్‌టీ రాడార్ పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద, అంటే తరంగదైర్ఘ్యం ఐదున్నర మీటర్ల పైచిలుకు. చూసి వచ్చిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, అంత పెద్ద రాడార్ గాలిని చూస్తుంది గదా, మేఘాన్ని చూసేదానికి మళ్లీ 35 గిగాహెర్ట్జ్ ఎందుకు?"

మేఘంలోని నీటి బిందువులు మిల్లీమీటరులో వందో వంతు కొలతలో ఉంటాయి. అంత చిన్న బిందువు వెనక్కి పంపే శక్తి తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అందుకే మేఘాల రాడార్లు 35, 94 గిగాహెర్ట్జ్‌ల దగ్గర ఉంటాయి. ఆ రెండు చోట్లా గాలిలోని ఆక్సిజన్, నీటి ఆవిరి పెద్దగా అడ్డు రావు. మా ల్యాబులో బల్లమీద పెట్టుకుని నేర్చుకోవడానికి 35 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కావలసి వచ్చింది. ఉన్న సింథసైజర్ (సిగ్నల్ పుట్టించే పరికరం) 20 గిగాహెర్ట్జ్‌తో ఆగిపోతుంది. అట్లా మొదలైన డబ్లర్ (ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేసే సర్క్యూట్) పని ఇది. చేస్తూ చేస్తూ నాకు బలంగా నాటుకున్న సంగతి ఒక్కటే. ఇట్లా ఫ్రీక్వెన్సీని హెచ్చించే మల్టిప్లయర్‌లో హార్మోనిక్‌ను, అంటే మూల ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల దగ్గర వచ్చే సిగ్నల్‌ను, పుట్టించడం కష్టం కాదు, ఏ వంకర (నాన్‌లీనియర్) పరికరమైనా పుట్టిస్తుంది. పుట్టిన ప్రతి హార్మోనిక్‌కూ ఒక దారి చూపించడమే డిజైన్. దారి చూపకపోతే అది దొరికిన చోటల్లా వేడిగా మారి మీ పవర్‌ను తింటుంది.

మొదటి అడుగు: ఎంతకు ఎంత హెచ్చించాలో తేల్చుకోవడం

35 గిగాహెర్ట్జ్‌లో నేరుగా ఆసిలేటర్ కట్టవచ్చు. కానీ ఆ ఎత్తులో ట్యూనింగ్‌కు వాడే వరాక్టర్ డయోడ్ క్యూ (నాణ్యత) పడిపోతుంది, ఫ్రీక్వెన్సీని కట్టి ఉంచే పీఎల్ఎల్‌లోని డివైడర్లు కరెంటు బాగా లాగుతాయి. కింద శుభ్రంగా ఉన్న సిగ్నల్‌ను పుట్టించి పైకి ఎత్తుకోవడం మేలు.

సంగీతం తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. మధ్య స్థాయి షడ్జం నుంచి తార స్థాయి షడ్జానికి పోతే ఫ్రీక్వెన్సీ సరిగ్గా రెట్టింపు. డబ్లర్ చేసేది అదే. అయితే కింది షడ్జంలో శ్రుతి కొంచెం ఊగితే పైన ఆ ఊగు కూడా రెట్టింపవుతుంది. ఆ ఊగునే ఫేజ్ నాయిజ్ అంటాం, ఎన్ రెట్లు హెచ్చిస్తే దాని పెరుగుదల 20 లాగ్ ఎన్ డీబీ: రెండుతో హెచ్చిస్తే 6 డీబీ, మూడుతో 9.5 డీబీ, ఎనిమిదితో 18 డీబీ. 17.5 దగ్గర 100 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్‌లో మైనస్ 104 డీబీసీ/హెర్ట్జ్ (అసలు సిగ్నల్‌తో పోల్చిన కొలత) ఉంటే, 35 దగ్గర మైనస్ 98కి మించి మంచిది రాదు. సింథసైజర్ తాలూకు చిన్నచిన్న ఫేజ్ స్పర్లు (అక్కర్లేని పిల్ల సిగ్నళ్లు) కూడా ఇదే లెక్కన పెరుగుతాయి. కాబట్టి మూలం ఎంత శుభ్రంగా ఉందో ముందే కొలిచి పుస్తకంలో రాసుకోండి. చివర్లో ఆ అంకె కావాలి.

ఒకేసారి ఎనిమిది రెట్లు చేద్దామా అని పిల్లలు ఆశపడతారు. 4.375 గిగాహెర్ట్జ్‌ను ఎనిమిది రెట్లు చేస్తే 35కి ఇరుగూ పొరుగూ 30.6, 39.4లో ఏడో, తొమ్మిదో హార్మోనిక్‌లు నిలబడతాయి. వాటిని వడకట్టడానికి పదునైన ఫిల్టర్ కావాలి. అదే 17.5ను రెట్టింపు చేస్తే పొరుగువాళ్లు 17.5, 52.5 దగ్గర, చాలా దూరంలో ఉంటారు. పైగా హార్మోనిక్ సంఖ్య పెరిగేకొద్దీ దాని బలం వేగంగా పడిపోతుంది. అందుకని పెద్ద గుణకం కావాలంటే డబ్లర్లను, ట్రిప్లర్లను వరుసగా కట్టి, మధ్యలో ప్రతి చోటా ఫిల్టర్, చిన్న యాంప్లిఫయర్ పెట్టుకోండి. మధ్య ఫిల్టర్ మానేస్తే మొదటి డబ్లర్ నుంచి తప్పించుకున్న మూల సిగ్నల్ రెండో దాంట్లో కలిసిపోయి స్పర్ల అడవి చేస్తుంది.

రెండో అడుగు: డయోడా, ట్రాన్సిస్టరా

డయోడ్‌ను నిరోధకంలాగా వాడితే ప్రకృతే ఒక హద్దు గీసింది. ఎన్నో హార్మోనిక్‌కు దక్కేది గరిష్ఠంగా ఎన్ వర్గంలో ఒక వంతు. డబ్లర్‌కు పావు వంతు, అంటే 6 డీబీ నష్టం ఖాయం. వెడల్పాటి బ్యాండ్ షాట్కీ డయోడ్ డబ్లర్లలో నిజంగా చూసేది 10 నుంచి 13 డీబీ. వోల్టేజిని బట్టి మారే కెపాసిటర్‌లాగా, అంటే వరాక్టర్‌గా వాడితే ఆ హద్దు లేదు. 1956 నాటి మేన్లీ–రో సంబంధాల ప్రకారం నష్టం లేని కెపాసిటర్ ఇచ్చిన పవర్ మొత్తాన్నీ హార్మోనిక్‌కు మళ్లించగలదు. దానికి చెల్లించే మూల్యం సన్నటి బ్యాండ్, ట్యూనింగ్‌లో చపలత్వం. ఇన్‌పుట్ కొంచెం పెంచగానే అవుట్‌పుట్ ఎగిరి ఇంకో స్థాయికి దూకడం కూడా కద్దు.

డయోడ్‌ను ఎంచుకుంటే కటాఫ్ (డయోడ్‌కు పై హద్దు ఫ్రీక్వెన్సీ) లెక్క వేయండి. శ్రేణి నిరోధం 4 ఓమ్‌లు, కెపాసిటెన్స్ 0.04 పికోఫారడ్ అయితే కటాఫ్ సుమారు 1000 గిగాహెర్ట్జ్. అవుట్‌పుట్ దాంట్లో పదో వంతు లోపల ఉంటే నేను ధైర్యంగా ముందుకు పోతాను. 94 గిగాహెర్ట్జ్‌కి నా ఓటు డయోడ్లకే: రెండు డయోడ్లు ఎదురెదురుగా, సమాంతరంగా కట్టి ట్రిప్లర్ చేస్తే సరి హార్మోనిక్‌లు ఆ జంటలోపలే తిరుగుతాయి, బయటికి బేసివే వస్తాయి.

35కి మాత్రం గాలియం ఆర్సెనైడ్ పీహెమ్ట్ (ఈ ఎత్తులో పనిచేసే ఫీల్డ్ ఎఫెక్ట్ రకం) ట్రాన్సిస్టర్ మేలు. ఇన్‌పుట్ తక్కువ అడుగుతుంది, నష్టం బదులు గెయిన్ కూడా ఇవ్వగలదు. ఇక్కడి నుంచి దాన్నే పట్టుకుని నడుద్దాం. బేర్ డైతో (ప్యాకేజీ లేని చిప్ ముక్కతో) చేయి తిరగనివాళ్లు ముందు ప్యాకేజీలో వచ్చే డబ్లర్ ఎంఎంఐసీ (మైక్రోవేవ్ చిప్) ఒకటి కొని బోర్డు మీద పెట్టి కొలవండి. అందులో చిన్నతనమేమీ లేదు, కొలత నేర్చుకోవడం సగం పని.

మూడో అడుగు: కరెంటును కోయడం

గేట్ బయాస్‌ను పించాఫ్ (డ్రెయిన్ కరెంటు ఆగిపోయే వోల్టేజి) దగ్గర పెడితే ట్రాన్సిస్టర్ సగం చక్రమే, అంటే 180 డిగ్రీలే నడుస్తుంది. డ్రెయిన్ కరెంటు సగం సైన్ దిబ్బలుగా వస్తుంది. ఆ దిబ్బలో రెండో హార్మోనిక్ శిఖర కరెంటులో 0.212 వంతు. మూడోది సున్నా. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ బయాస్‌తో ట్రిప్లర్ కట్టి "ఏమీ రావడం లేదు" అని తల పట్టుకున్నవాళ్లను చూశాను. బయాస్‌ను ఇంకా కిందికి తోసి నడిచే కోణాన్ని 120 డిగ్రీలకు తెస్తే రెండోది 0.276కి చేరుతుంది. మూడోదానికి 80 డిగ్రీల దగ్గర 0.185 దాకా వస్తుంది. కోణం తగ్గించేకొద్దీ అదే శిఖరాన్ని అందుకోవడానికి ఇన్‌పుట్ ఎక్కువ కావాలి, గేట్ మీద రివర్స్ వోల్టేజి పెరిగి బ్రేక్‌డౌన్‌కు దగ్గరవుతుంది. నేను పించాఫ్ దగ్గర మొదలుపెట్టి, బల్లమీద కొంచెం కొంచెంగా కిందికి జరుపుతాను.

నాలుగో అడుగు: లోడ్ లెక్క

అంకెలతో చూద్దాం. శిఖర కరెంటు 60 మిల్లీఆంపియర్ల పరికరం అనుకోండి. రెండో హార్మోనిక్ 12.7 మిల్లీఆంపియర్లు. దాన్ని అట్లాగే 50 ఓమ్‌లలోకి వదిలితే 4 మిల్లీవాట్లు, అంటే 1 మిల్లీవాట్‌తో పోల్చి 6 డీబీఎం. కానీ 3 వోల్టుల సరఫరాలో డ్రెయిన్ 2 వోల్టులు ఊగడానికి చోటుంది. ఆ చోటంతా వాడుకోవాలంటే లోడ్ దాదాపు 157 ఓమ్‌లు ఉండాలి. అప్పుడు 12.7 మిల్లీవాట్లు, 11 డీబీఎం. పరికరం అదే, డీసీ అదే. మ్యాచింగ్ ఒక్కటే 5 డీబీ తెచ్చింది. డేటాషీట్‌లోని చిన్న సిగ్నల్ ఎస్-పారామీటర్లు (బలహీన సిగ్నల్‌తో కొలిచిన అంకెలు) చూసి అవుట్‌పుట్ మ్యాచ్ చేయడం వల్ల పోగొట్టుకునేది సరిగ్గా ఇదే.

డీసీ వైపు: సగం సైన్ సగటు శిఖరాన్ని π (పై)తో భాగించినంత, 19 మిల్లీఆంపియర్లు. 3 వోల్టులతో 57 మిల్లీవాట్లు. ఆదర్శ సామర్థ్యం 22 శాతం. లైన్ల నష్టం, డ్రెయిన్ కెపాసిటెన్స్, నీ (knee) వోల్టేజి, అంటే డ్రెయిన్ దిగలేని కింది హద్దు, అన్నీ పోగా దాంట్లో సగం వస్తే సంతోషించాలి. సామర్థ్యం చెప్పేటప్పుడు ఇన్‌పుట్ ఆర్‌ఎఫ్ పవర్‌ను కూడా హారంలో కలపండి. 17.5 గిగాహెర్ట్జ్ పవర్ ఊరికే రాలేదు, దాన్ని ఇచ్చిన యాంప్లిఫయర్ కరెంటు తినే ఇచ్చింది.

ఐదో అడుగు: దారులు వేయడం

అసలు పని ఇక్కడుంది. డ్రెయిన్ దగ్గర 17.5 గిగాహెర్ట్జ్ బలంగా ఉంటుంది, అది బయటికి పోకూడదు. 35 మాత్రం ఏ అడ్డూ లేకుండా పోవాలి. ఇందుకు ఒక చక్కటి ఏర్పాటు ఉంది. 17.5 దగ్గర పావు తరంగం పొడవున్న ఓపెన్ స్టబ్‌ను (చివర తెరిచి ఉన్న పక్క పట్టీని) అవుట్‌పుట్ లైనుకు తగిలించండి. 17.5కి అది షార్ట్. 35కి అదే ముక్క సగం తరంగం అవుతుంది కాబట్టి ఓపెన్, ఉన్నట్టే తెలియదు. ఒక్క రాగి పట్టీ ఒకరికి గోడ, ఒకరికి వాకిలి.

గేట్ వైపు కథ తిరగబడుతుంది. 17.5 లోపలికి రావాలి, వెనక్కి కారే 35ను నేలకు దించాలి. అక్కడ 17.5కి పావు తరంగం పొడవున్న షార్ట్ స్టబ్ (చివర గ్రౌండ్‌కు కలిపినది) పెట్టండి. 17.5కి ఓపెన్, 35కి షార్ట్. చివరను నేరుగా వయాతో (బోర్డులోని గ్రౌండ్ రంధ్రంతో) కాకుండా కెపాసిటర్ ద్వారా గ్రౌండ్ చేస్తే గేట్ బయాస్‌ను అక్కడి నుంచే ఇచ్చేయవచ్చు.

కొలతలు: ఆర్‌ఓ3003 సబ్‌స్ట్రేట్ (బోర్డు పదార్థం), పర్మిటివిటీ 3, మందం 0.127 మిల్లీమీటర్లు. 50 ఓమ్‌ల లైను వెడల్పు సుమారు 0.32 మిల్లీమీటర్లు, ఎఫెక్టివ్ పర్మిటివిటీ 2.42. పావు తరంగం 17.5 దగ్గర 2.75 మిల్లీమీటర్లు, 35 దగ్గర 1.38. మామూలు ఎఫ్ఆర్4 బోర్డు మీద ఈ ప్రయత్నం చేయకండి, దాని నష్టం, తీరుతెన్నులు ఈ ఎత్తులో నమ్మదగ్గవి కావు.

మా మొదటి బోర్డులో నేను సరిగ్గా 2.75 గీశాను. స్టబ్ గొయ్యి (సిగ్నల్ అడుగంటే చోటు) 17.5లో పడాల్సింది 17.2 దగ్గర పడింది. "సార్, మూడు నూర్ల మెగాహెర్ట్జ్ కిందికి పోయిందేంది?" అన్నాడు తెర చూస్తున్న పిల్లాడు. తప్పు నాదే. ఓపెన్ చివర దగ్గర విద్యుత్ క్షేత్రం అంచు దాటి కొంచెం బయటికి చిమ్ముతుంది, స్టబ్ అసలుకంటే పొడవుగా కనిపిస్తుంది. ఆ అదనం దాదాపు సబ్‌స్ట్రేట్ మందంలో 0.4 వంతు, ఇక్కడ 0.05 మిల్లీమీటర్లు. ఒక మనిషి వెంట్రుక మందం కంటే పెద్ద ఎక్కువేమీ కాదు, కానీ పొడవులో రెండు శాతం, ఫ్రీక్వెన్సీలోనూ రెండు శాతం. మైక్రోస్కోపు కింద బోర్డును మైనంతో కదలకుండా నిలబెట్టి, కొత్త సర్జికల్ బ్లేడుతో చివర గీత పెట్టి, పట్టకారుతో ఆ రాగి పొలుసును లాగాము. మూడో ప్రయత్నానికి అంచు తిన్నగా వచ్చింది. మళ్లీ కొలిస్తే గొయ్యి 17.5కి అటూ ఇటూగా కూర్చుంది. అందుకని స్టబ్‌లను ఒక వెంట్రుకవాసి పొడవుగానే గీయండి. కోసుకోవచ్చు గానీ, అతికించలేము.

ఇంకో సంగతి. స్టబ్ డ్రెయిన్ నుంచి ఎంత దూరంలో ఉందనేది కూడా ముఖ్యం. వెనక్కి తిరిగిన 17.5 ఏ ఫేజ్‌తో డ్రెయిన్‌ను చేరుతుందో దాన్నిబట్టి 35 పవర్ మారుతుంది. సిమ్యులేషన్‌లో ఆ దూరాన్ని సున్నా నుంచి సగం తరంగం దాకా జరిపి చూడండి.

ఆరో అడుగు: ఇద్దరిని జత కట్టడం

ఒక్క ట్రాన్సిస్టర్‌తో పని జరిగాక పుష్-పుష్‌కు రండి. రెండు ట్రాన్సిస్టర్ల గేట్లకు 17.5ను ఎదురు ఫేజుల్లో ఇచ్చి, డ్రెయిన్లను కలిపేయండి. కలిసిన చోట 17.5 ఒకదాన్నొకటి చంపుకుంటాయి, 35 రెండూ కలిసి వస్తాయి. పై లెక్కలోని పరికరాలు రెండయితే ఆదర్శంగా 25 మిల్లీవాట్లు, 14 డీబీఎం. కావలసిన లోడ్ సగానికి తగ్గి 79 ఓమ్‌లవుతుంది, 50కి మ్యాచ్ చేయడం సులువు. డ్రెయిన్లను వీలైనంత దగ్గరగా కలపండి. ఆ కలయిక బిందువే 17.5కి సహజమైన గ్రౌండ్.

సిగ్నల్‌ను ఎదురు ఫేజులుగా చీల్చే బేలన్‌గా రాట్-రేస్ రకం గానీ మార్చండ్ రకం గానీ వాడవచ్చు. అది ఎంత ఖచ్చితంగా ఉండాలి? రెండు చేతుల మధ్య 1 డీబీ, 10 డిగ్రీల తేడా ఉంటే 17.5 అణిచివేత 20 డీబీ దగ్గర ఆగిపోతుంది. తేడా 0.5 డీబీ, 5 డిగ్రీలైతే 25 డీబీ దాటుతుంది. అదే 10 డిగ్రీల తప్పు 35 పవర్‌ను తగ్గించేది కేవలం 0.13 డీబీ. అంటే బేలన్ తప్పు అవుట్‌పుట్ పవర్‌లో కనపడదు, లీకేజిలో కనపడుతుంది. లీకేజి ఎక్కువగా ఉంటే ట్రాన్సిస్టర్ల జోలికి పోకుండా ముందు బేలన్‌ను చూడండి. గేట్ల దగ్గర 35కి షార్ట్ స్టబ్‌లు మాత్రం విడివిడిగా రెండూ ఉండాలి, అక్కడ 35 రెండు వైపులా ఒకే ఫేజులో ఉంటుంది, తనంతట తాను రద్దు కాదు.

ఏడో అడుగు: సిమ్యులేషన్

హార్మోనిక్ బ్యాలెన్స్ (హార్మోనిక్‌లన్నిటినీ కలిపి లెక్కగట్టే పద్ధతి) వాడండి, ఎనిమిది హార్మోనిక్‌ల దాకా పెట్టండి. లైసెన్స్ సాఫ్ట్‌వేర్ లేని కాలేజీల్లో క్యూక్స్-ఎస్, జైస్ జోడీ ఉచితంగా దొరుకుతుంది, స్టబ్‌ల విద్యుదయస్కాంత లెక్కకు ఓపెన్‌ఈఎంఎస్ ఉంది. పరికరం మోడల్ పెద్ద సిగ్నల్ మోడలే కావాలి. లేకపోతే వచ్చే అంకెలన్నీ ఊహలే.

ఎనిమిదో అడుగు: బోర్డు, తీగలు

బాండ్ వైరు (డైని లైనుకు కలిపే సన్న తీగ) మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ. 0.3 మిల్లీమీటర్ల తీగ 35 గిగాహెర్ట్జ్ దగ్గర 66 ఓమ్‌ల రియాక్టెన్స్. మీరు కష్టపడి లెక్కగట్టిన లోడ్ అంతా ఆ తీగలోనే మునిగిపోగలదు. సబ్‌స్ట్రేట్‌లో చిన్న గుంట తీసి డై పైభాగం, లైను పైభాగం ఒకే ఎత్తుకు వచ్చేలా కూర్చోబెట్టండి. రెండు తీగలు పక్కపక్కనే వేయండి, వీలైతే రిబ్బన్ వాడండి. ఆ మిగిలిన ఇండక్టెన్స్‌ను ముందే మ్యాచింగ్‌లో కలుపుకోండి. డై కింద సిల్వర్ ఎపాక్సీ పలచగా, అంచులకు చిమ్మకుండా ఉండాలి. కనెక్టర్లు 2.92 మిల్లీమీటర్ల రకం, అవి 40 గిగాహెర్ట్జ్ దాకా పనికొస్తాయి. మామూలు ఎస్ఎంఏ ఇక్కడికి చాలదు.

తొమ్మిదో అడుగు: కరెంటు ఇవ్వడం

ముందు గేట్‌కు నెగటివ్ వోల్టేజి, తర్వాత డ్రెయిన్. ఆపేటప్పుడు సరిగ్గా వెనక నుంచి ముందుకు. ఎండాకాలంలో మా వైపు కరెంటు చెప్పకుండా పోతుంది, చెప్పకుండా వస్తుంది. గేట్ సప్లై ముందు పడిపోయి డ్రెయిన్ ఇంకా నిలబడి ఉంటే ఆ కొద్ది క్షణాల్లోనే ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. గేట్ వోల్టేజి లేనిదే డ్రెయిన్‌ను రానివ్వని చిన్న సీక్వెన్సర్ సర్క్యూట్ తప్పనిసరిగా కట్టండి. యూపీఎస్ ఉంది కదా అని దీన్ని వదలకండి.

ఆర్‌ఎఫ్ ఇవ్వకముందే డ్రెయిన్ కరెంటు వణుకుతోందేమో చూడండి. వణికితే తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆసిలేషన్ ఉన్నట్టు. గేట్ బయాస్‌లో పదో పదిహేనో ఓమ్‌ల రెసిస్టర్, డ్రెయిన్ సప్లై నుంచి గ్రౌండ్‌కు 100 పికోఫారడ్, 10 నానోఫారడ్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఒకదాని పక్కన ఒకటి పెడితే చాలావరకు సద్దుమణుగుతుంది.

పదో అడుగు: నిజం కొలవడం

పవర్ మీటర్ అమాయకురాలు. వచ్చినదంతా కలిపి చూపిస్తుంది, 17.5 లీకేజిని కూడా మీ ఖాతాలో వేస్తుంది. దీనికి నాకు బాగా ఇష్టమైన ఉపాయం డబ్ల్యూఆర్-28 వేవ్‌గైడ్ (తరంగాన్ని నడిపే లోహపు గొట్టం). దాని కటాఫ్ (ఇక్కడ కింది హద్దు) 21.08 గిగాహెర్ట్జ్, కాబట్టి 17.5 అందులో ప్రయాణించలేదు. మిల్లీమీటరుకు 2 డీబీ చొప్పున చచ్చిపోతుంది. ఒక్క అంగుళం ముక్క చాలు, 50 డీబీ పైన అణిగిపోతుంది. 35 హాయిగా దాటిపోతుంది. డబ్లర్‌కూ వేవ్‌గైడ్ అడాప్టర్‌కూ మధ్య 6 డీబీ అటెన్యుయేటర్ పెట్టండి, లేకపోతే తిరిగొచ్చిన 17.5 మీ డ్రెయిన్ లోడ్‌ను చెడగొడుతుంది. ఆ 6 డీబీని, కేబుల్ నష్టాన్ని 35 గిగాహెర్ట్జ్ దగ్గరే కొలిచి కలుపుకోండి.

స్పెక్ట్రమ్ అనలైజర్‌ను కూడా గుడ్డిగా నమ్మవద్దు. లోపలికి వచ్చిన 17.5 బలంగా ఉంటే దాని మిక్సరే 35 పుట్టించి చూపగలదు. ముందు 10 డీబీ అటెన్యుయేటర్ తగిలించండి. 35 గీత సరిగ్గా 10 డీబీ తగ్గితే అది మీ డబ్లర్‌దే. 20 డీబీ తగ్గితే అది అనలైజర్ సొంత సృష్టి.

ఆ తర్వాత ఇన్‌పుట్‌ను 1 డీబీ మెట్లతో పెంచుతూ అవుట్‌పుట్ రాసుకోండి. మొదట్లో ఇన్‌పుట్ 1 డీబీ పెరిగితే అవుట్‌పుట్ 2 డీబీ పెరుగుతుంది, తర్వాత గీత వంగి చదునవుతుంది. చదునైన చోటి నుంచి ఇన్‌పుట్‌ను ఇంకో 2 డీబీ లోపలికి తోసి పనిచేయించండి, మూలం కొంచెం ఊగినా అవుట్‌పుట్ కదలదు. అప్పుడు ఫేజ్ నాయిజ్ కొలవండి. మొదట పుస్తకంలో రాసుకున్న అంకెకు 6 డీబీ కలిపితే సరిపోవాలి. 8, 9 అయితే తప్పు సాధారణంగా బయాస్ సప్లై నాయిజ్‌దే. స్విచింగ్ సప్లై తీసేసి బ్యాటరీ పెట్టి చూడండి.

చివరగా ఎండ పరీక్ష. మే నెలలో తిరుపతిలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది, మేడ మీద మూసిన అల్యూమినియం పెట్టె లోపల ఇంకా చాలా ఎక్కువ. డబ్లర్‌ను పెట్టెలో బిగించి, పగలు పదకొండు నుంచి నాలుగు దాకా మేడ మీద నడిపి, పావుగంటకొకసారి పెట్టె ఉష్ణోగ్రత, డ్రెయిన్ కరెంటు, 35 పవర్ పక్కపక్కన రాయించండి. పవర్ 1 డీబీ కంటే ఎక్కువ పడితే ఇన్‌పుట్ డ్రైవ్‌ను 1 డీబీ పెంచి మర్నాడు మళ్లీ ఎక్కించండి. అప్పటికీ పడుతుంటే డై కింద ఎపాక్సీ సరిగా పట్టలేదన్నమాట, పెట్టె విప్పి అక్కడి నుంచి మొదలుపెట్టండి.